కథకు కాళ్లు లేవా?

‘కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు’ అని మన పెద్దలు సామెత చెప్పుదురు. అది ఎట్లు జరిగెను, ఇది ఎట్లు పొసగెను అని కథను మరీ తరచి అడుగరాదని దాని భావము. రాత్రి భోజనములైన పిదప అరుగుమీద అవ్వ చెప్పు కథకు ఈ సామెత చాలును. అచ్చట వినువాని పని ఊకొట్టుటయే. కాని ఒక కథ ముగిసిన ఎనిమిదేండ్లకు దానికే రెండవ భాగము బయలుదేరినప్పుడు ఊకొట్టుట మాత్రము చాలదు. మొదటి భాగము అడుగు ఎచ్చట నిలిచినదో రెండవ భాగము అచ్చటినుండియే నడువవలెను. నడువవలెనన్నచో కాళ్లుండవలెను గదా!

ఈ మాట నాకు తోచినది బోధన్ పట్టణములో, ఒక ఉపాధ్యాయ మిత్రుని యింట. ఆయన సమీప గ్రామమునందలి ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించుచున్నారు. నేను నిజామాబాదు నుండి వెళ్లిన ఒక ఆదివారమున ఆయన నాకొక నోటు పుస్తకమును చూపించిరి. అట్టమీద పిల్లల చేతివ్రాతలో ‘2.0 – మా సందేహాలు’ అని యున్నది. ప్రతి పుటయందును మూడు గడులు గీయబడియున్నవి, గడులనిండ ప్రశ్నలే. ఒక సినిమాను గూర్చి తొమ్మిదవ తరగతి పిల్లలు ఇంతగా ఏల వ్రాసిరని అడిగితిని. ఆయన చెప్పినది విన్న పిమ్మట అది వట్టి సినిమా ముచ్చట కాదని తెలిసినది.

ఆ తరగతిలో ఒక బాలుడున్నాడు. వాని తండ్రి ఒకప్పుడు చెరకు రైతు. బోధన్ శివారున శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగారము ఒక కాలమున ఆసియాలోనే మిక్కిలి పెద్దదని పేరు పొందినది. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో ఈ ప్రాంతమంతయు చెరకు తోటలతో నిండియుండెడిది. 2002లో ఆ కర్మాగారమున ప్రైవేటు భాగస్వామ్యము ప్రవేశించెను. 2015 డిసెంబరులో అది మూతపడెను. గానుగకు పోవు దారి మూసికొనిపోగా ఆ రైతు చెరకు మాని వరి వేసెను. పొలము మూలనున్న కొద్దిపాటి జాగాను సెల్‌ఫోను టవరుకు అద్దెకిచ్చెను. ఆ అద్దెతోనే పెద్దపిల్ల చదువు సాగుచున్నది.

ఇంతలో తరగతి పిల్లలు కొందరు ‘2.0’ చిత్రమును చూచిరి. అది వెలువడిననాటికి వీరు పసివారు. ఇప్పుడు టీవీలోను, విచిత్రమేమనగా సెల్‌ఫోనులోను చూచిరి. టవర్ల నుండి వచ్చు తరంగములచేత పక్షులు చచ్చుచున్నవని ఆ చిత్రము చెప్పినది. మరునాడు బడిలో ఆ బాలునితో, “మీ టవరే మన ఊరి పిచ్చుకలను చంపింది” అని ఒకడనెను. రెండవవాడు నవ్వెను. మూడవవాడు పేరు పెట్టెను. బాలుడు మూడు దినములు బడికి రాలేదు.

మా మిత్రుడు ఎవ్వరిని కోపించలేదు. “ఆ సినిమాలో మీకు తోచిన సందేహములన్నియు వ్రాయుడు. మొదటి గడిలో, కథయే సమాధానము చెప్పినవి. రెండవ గడిలో, కథ తన మాట తానే తప్పినవి. మూడవ గడిలో, కథను విడిచి లోకముతో సరిచూడవలసినవి” అని చెప్పి ఆ పుస్తకమును పిల్లల చేతికిచ్చిరి.

కథ యేమి?

చూడని పాఠకుల కొరకు కథను క్లుప్తముగా చెప్పవలసియున్నది. శంకర్ దర్శకత్వమున రజనీకాంత్ నటించిన తమిళ చిత్రము ‘ఎందిరన్’ 2010 అక్టోబరు 1న విడుదలయ్యెను. అదియే తెలుగులో ‘రోబో’. వశీ అను శాస్త్రజ్ఞుడు చిట్టి అను మరమనిషిని నిర్మించును. దానికి మనుష్యుల భావములు అలవడును; తన్ను నిర్మించినవాడు ప్రేమించిన కన్యనే అది ప్రేమించును. పిమ్మట ఒక దుష్టుడు దాని శిరస్సున ఎఱ్ఱని చిప్పు నమర్చగా అది నగరమునే గడగడలాడించును. తుదకు న్యాయస్థానము దానిని విప్పివేయుమని తీర్పు చెప్పును. చిట్టి తన్ను తానే విప్పుకొనును.

రెండవ భాగమైన ‘2.0’ 2018 నవంబరు 29న వెలువడినది. అప్పటివరకు మన దేశమున అత్యధిక వ్యయముతో తీసిన చిత్రములలో ఇదియొకటి. చెన్నై నగరములో జనుల చేతులలోని సెల్‌ఫోనులన్నియు ఒక్కసారిగా ఎగిరిపోవును. అవి గుమిగూడి మహాపక్షి రూపము దాల్చి కొందరిని సంహరించును. దాని వెనుకనున్నది పక్షిరాజు అను పక్షిశాస్త్రజ్ఞుని ఆత్మ. అక్షయ్‌కుమార్ ఆ పాత్ర ధరించెను. టవర్ల వలన పక్షులు నశించుచున్నవని ఆయన అందరిని వేడుకొనెను, వినినవారు లేరు. ఒక టవరుపైననే ప్రాణములు విడిచెను. ఆయన శక్తియు, చనిపోయిన పక్షుల శక్తియు కలిసి పగ తీర్చుకొనుచున్నవట. దానిని ఎదుర్కొనుటకు చిట్టిని మరల జోడింతురు.

మొదటి గడి: వినని వాని ప్రశ్న

ఒక బాలిక వ్రాసినది: ‘చిట్టిని విప్పమని కోర్టు చెప్పినంక మళ్లా ఎట్ల జోడించిండ్రు?’ దీనికి చిత్రమే సమాధానము చెప్పినది. ఆపదను చూచి ప్రభుత్వమువారు తర్జనభర్జనలు చేసి, వశీకి అనుమతినిత్తురు. వలదన్నవారును అచ్చట కలరు. కనుక ఇది కథలోని దోషము కాదు, చూచువాని ఏమరుపాటు. ఇట్టి ప్రశ్నలు ఆ గడిలో పదికి పైగా కలవు. తప్పు కథదా తనదా అని మొదట తన్ను తాను శోధించుకొనుట విమర్శకు తొలి మెట్టు.

మంచి కథకుడు ఈ విషయమున ఎంత జాగరూకుడై యుండునో తెలియుటకు బోధన్ వారు దూరము పోనక్కరలేదు. తమ ఊరే భారతములోని ఏకచక్రపురమని వారి విశ్వాసము. చక్రేశ్వరాలయమును దానికి గుర్తుగా చూపుదురు. కర్ణాటకమున కైవారమువారును తమ ఊరే ఏకచక్రపురమందురు. ఒక బకాసురుడు రెండు ఊళ్లలో ఎట్లు చచ్చెనని అడుగవచ్చును గాని, అది ఊళ్ల వాదము. కవి దోషము కాదు.

కవి యేమి చేసెనో చూడుడు. పాండవులు లక్కయింటినుండి తప్పించుకొని, బ్రాహ్మణ వేషములతో ఏకచక్రపురమున దాగియున్నారు. ఆ యింటి బ్రాహ్మణునకు బకాసురుని వంతు వచ్చినది. కుంతి భీముని పంపెదననును. ఇచ్చట వినువానికి వెంటనే ఒక సందేహము పుట్టవలెను: రాక్షసుని చంపగల బలశాలి బ్రాహ్మణుల యింట నున్నాడని తెలిసినచో గుట్టు బయటపడదా? దుర్యోధనుని చెవిని పడదా? ఆ సందేహము మనకు కలుగక ముందే కుంతికి కలిగినది. తన కుమారుడు మంత్రసిద్ధి గలవాడనియు, ఆ సంగతి ఎవ్వరికి చెప్పవలదనియు ఆమె గృహస్థుని కోరును. బకుడు చచ్చిన పిదప పురజనులు వచ్చి అడుగగా, మంత్రసిద్ధుడైన బ్రాహ్మణుడొకడు జాలిదలచి తనకు బదులు పోయెనని అతడు చెప్పును. కొడుకును మృత్యుముఖమునకు పంపుట తగునా అన్న ప్రశ్నయు విడువబడలేదు; దానిని ధర్మరాజే తల్లిని నిలదీసి అడుగును, తల్లి కారణము చెప్పును.

వినువానికి కలుగబోవు సందేహము పాత్రకు ముందుగా కలుగవలెను. ఇదియే కథకు కాళ్లు తొడుగు విద్య. భారతమంతయు జనమేజయుడు అడుగగా వైశంపాయనుడు చెప్పినదే. కనుక మన మహాకథ ఊకొట్టువానికి గాక ప్రశ్నించువానికి చెప్పబడినదని మరువరాదు.

రెండవ గడి: మాట తప్పిన కథ

రెండవ గడిని చదువుటకు ముందు ఒక నియమము చెప్పుకొనవలెను. అసాధ్యము దోషము కాదు, అసంగతము దోషము. హనుమంతుడు సముద్రమును లంఘించుట అసాధ్యమే. కాని అతడు వాయుపుత్రుడని మొదటనే ఒప్పుకొంటిమి గనుక లంఘనము సంగతమే. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’లో కాలయంత్రము అసాధ్యము. ఆ ఒక్కటి ఒప్పుకొన్న పిదప శ్రీకృష్ణదేవరాయల కొలువునకు పోవుటకు మనకు అభ్యంతరము లేదు. కథకుడు తొలుత ఎన్ని వరములైనను కోరవచ్చును. తరువాత వాటికి తానే కట్టుపడియుండవలెను.

ఈ నియమముతో చూచినచో పిల్లలు పట్టిన మొదటి తప్పు మిక్కిలి గట్టిది. ‘రోబో’ చివర కథ 2030వ సంవత్సరమునకు పోవును. చిట్టి విప్పబడిన భాగములుగా మ్యూజియములో ఉండును. వినోదయాత్రకు వచ్చిన బడిపిల్ల యొకతె దీనినేల విప్పిరని అడుగును. తాను ఆలోచించుట మొదలుపెట్టినందుననని చిట్టి శిరస్సు సమాధానము చెప్పును. ఆ చిత్రమంతటిలోను మనసున నిలుచు ఘట్టమిదియే. కాని 2018లో వెలువడిన రెండవ భాగములో చిట్టి మరల లేచును, పోరాడును, నగరమును రక్షించును. అట్లయినచో 2030లో ఆ మ్యూజియములో నున్నదెవరు? నగరమును కాపాడినవానిని మరల ఏల విప్పిరి? బాలికకు చెప్పిన సమాధానములో ఆ రెండవ జీవితము ప్రసక్తి ఏల లేదు? మొదటి భాగము వేసిన అడుగును రెండవ భాగము చూడక నడచినదని దీనివలన తెలియుచున్నది. ఒక్క వాక్యముతో పూడదగిన గొయ్యి ఇది. ఆ వాక్యము లేదు.

రెండవది ఎఱ్ఱ చిప్పు. మొదటి భాగములో చిట్టి రాక్షసుడగుటకు కారణమదియే. దానిని తీసివేయగానే అతడు శాంతుడయ్యెను. రెండవ భాగములో శత్రువును గెలుచుటకు అదే చిప్పును మరల అమర్తురు. ఈసారి అతడు అహంకారము చూపునే గాని తనవారిపై తిరుగబడడు. చిప్పు మారినదా? చిట్టి మారెనా? మారినచో ఏ అనుభవము వలన? మొదటి భాగములో విషమైనది రెండవ భాగములో మందైనపుడు, మోతాదు ఏమో వైద్యుడు చెప్పవలెను.

మూడవది పక్షిరాజు స్వభావమునకు సంబంధించినది. ఒక బాలుడు దీనిని చక్కగా వ్రాసెను: ‘ఫోన్ల వల్లనే పక్షులు చస్తయంటడు. మరి ఆయననే లక్షల ఫోన్లతోని పక్షి అయిండు. దాని పక్కన ఎగిరే పక్షుల గతేంది?’ నిజమే. తరంగములే హంతకులైనచో ఆ మహాపక్షిని మించిన టవరు ఎచ్చట నున్నది? పగతో కన్ను గానకుండెనని సమాధానము చెప్పవచ్చును. అట్లయినచో ఆయన గొప్ప విషాదపాత్ర యగును. కాని ఆ వైరుధ్యమును ఆయనకు చూపిన పాత్ర చిత్రములో ఒక్కటియు లేదు. పైగా తుదిపోరులో చిట్టి పక్షమువారైన చిన్ని మరబొమ్మలు పావురములపై నెక్కి వచ్చి, ఆ పావురముల ప్రాణములను అడ్డుపెట్టి పక్షిరాజును లొంగదీయును. పక్షులకై ప్రాణమిచ్చినవానిని పక్షులను బెదిరించి గెలిచిన గెలుపు ఎట్టిదని ఎవ్వరును ఒక్క క్షణమైనను ఆగి విచారింపరు.

నాలుగవది భౌతికశాస్త్రము. చిత్రములో రుణశక్తిని ధన ఫోటానులతో శమింపజేయుదురు. కాంతికణమైన ఫోటానుకు ధనావేశము గాని రుణావేశము గాని లేదు. ఇది పై తరగతుల పాఠములలో మొదట చెప్పు విషయము. పేరు వేరొకటి కల్పించినచో పేచీ లేకపోయెడిది. ఉన్న వస్తువు పేరును వాడికొని దానికి లేని గుణమును తగిలించుటయే తప్పు.

ఐదవ ప్రశ్న మా మిత్రునికి మిక్కిలి ప్రీతి కలిగించినది. ‘ఫోను బ్యాటరీలో అంత ఎగిరే శక్తి ఎక్కడిది?’ అని ఒకడు వ్రాసెను. ఆయన వెంటనే నల్లబల్లమీద లెక్క వేయించిరి. బ్యాటరీ 3,000 మిల్లీ ఆంపియర్ గంటలు, 3.7 వోల్టులు అనుకొనుడు. అది 11.1 వాట్ గంటలు. అనగా రమారమి 40,000 జౌళ్లు. 200 గ్రాముల ఫోనుపై భూమ్యాకర్షణ బలము సుమారు 2 న్యూటన్లు. భాగించినచో 20,000 మీటర్లు! నష్టమేమియు లేదనుకొన్నచో ఆ చిన్న బ్యాటరీలోని శక్తి ఫోనును 20 కిలోమీటర్ల ఎత్తునకు లేపగలదు. తరగతి అంతయు నిశ్చేష్టమయ్యెను. శక్తి చాలదనుకొన్న ప్రశ్న కూలిపోయినది. దాని చోట అసలు ప్రశ్న నిలిచినది. పక్షి రెక్కతో గాలిని క్రిందికి నెట్టును, గాలి పక్షిని పైకి నెట్టును. ఇది న్యూటను మూడవ సూత్రము. రెక్క లేని ఫోను దేనిని నెట్టును? శక్తి యుండుట వేరు, దానిని పనికి తెచ్చు సాధనముండుట వేరు. ఒక సినిమా తప్పు ఆ పూట పాఠముగా మారినది.

మూడవ గడి: లోకముతో సరిచూడవలసినది

ఇంతవరకు చెప్పినవన్నియు తెరమీది తప్పులు. వాటివలన ఎవ్వరికి హాని లేదు. 2030 లెక్క తప్పినను ఏ బాలుడును బడి మానడు. కాని మూడవ గడిలో ఒకే ప్రశ్న యున్నది, అది వేరు జాతిది: ‘టవర్ల వల్ల పిచ్చుకలు చచ్చుడు నిజమేనా?’ కథలోని గొయ్యి కథతో ముగియును. కథనుండి వెలువడి ఊరిలో తిరుగు తప్పుమాట అట్లు ముగియదు.

చిత్రము విడుదలకు ముందు, 2018 నవంబరులో, సెల్‌ఫోను సంస్థల సంఘము సెన్సారు బోర్డుకు ఫిర్యాదు చేసినది. ఈ చిత్రము అశాస్త్రీయ భావములను వ్యాపింపజేయుచున్నదని వారి వాదము. వారు వ్యాపారులు గనుక వారి మాట చెల్లదనుట సులభము. తెరమీది వృద్ధుడు కన్నీరు కార్చెను గనుక ఆయన మాట చెల్లుననుట యింకను సులభము. రెండును శాస్త్రపద్ధతులు కావు. చెప్పినదెవరని గాక, చూపినదేమని అడుగవలెను.

చూపినదేమి? పర్యావరణ మంత్రిత్వశాఖ 2010 ఆగస్టులో, టవర్ల వలన పక్షులకు, తేనెటీగలకు కలుగు ప్రభావమును పరిశీలించుటకు నిపుణుల సంఘమును నియమించినది. ఆ సంఘము ముందుజాగ్రత్త అవసరమని సూచించినది. 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశములో టవర్ల తరంగ పరిమితిని అంతర్జాతీయ ప్రమాణములో పదవ వంతునకు తగ్గించిరి. కాబట్టి భయము పుట్టుటకు కారణమే లేదనరాదు; దానిని ఎవ్వరును పట్టించుకొనలేదనియు అనరాదు.

2014లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పరిశోధన మరియొకటి కలదు. వలసపోవు రాబిన్ పక్షులు భూమి అయస్కాంత శక్తిని పట్టి దిక్కు తెలిసికొనును. విద్యుత్ పరికరముల రొదలో ఆ దిక్కు తప్పుచున్నవనియు, లోహపు తెరలతో ఆ రొదను అడ్డగించినచో మరల దిక్కు తెలిసికొనుచున్నవనియు వారు చూపిరి. పక్షిరాజు చెప్పినది నిజమేనా మరి? ఆగవలెను. ఆ రొద 50 కిలోహెర్ట్జుల నుండి 5 మెగాహెర్ట్జుల లోపలిది. మధ్యతరంగ రేడియో ప్రసారములు ఆ మేరలోనివి. సెల్‌ఫోను తరంగములు వందల మెగాహెర్ట్జులకు పైబడినవి. అదియు దిక్కు తెలియకుండుటయే గాని మరణము కాదు. సగము సత్యము సత్యముకంటె బిగ్గరగా వినిపించుననుటకు ఇది నిదర్శనము.

ఇక పిచ్చుకల మాట. 2020లో వెలువడిన ‘భారత పక్షుల స్థితి’ నివేదికకు దేశమంతట పదిహేను వేలకు పైగా పక్షి పరిశీలకులు తమ లెక్కలనిచ్చిరి. ఊరపిచ్చుక దేశమంతటిని కలిపి చూచినచో పాతికేండ్లకు పైగా ఇంచుమించు స్థిరముగానే యున్నదనియు, హైదరాబాదుతో సహా ఆరు మహానగరములలో తగ్గినదనియు అందు తేలినది. టవర్ల తరంగములే పిచ్చుకలకు చేటు అను మాటకు అప్పటి ఆధారములు బలమియ్యలేదని ఆ నివేదికయే చెప్పినది. నగరములలో తగ్గుటకు శాస్త్రజ్ఞులు అనుమానించునవి వేరు: పిల్లలకు మేపుటకు పురుగులు దొరకకుండుట, గూటికి చోటు లేకుండుట.

ఇది మన ఊళ్లలో కన్నులారా చూడదగినదే. పెంకుటింటి చూరు, దూలము సందు, గోడకు వాల్చి కట్టిన పటము వెనుకభాగము – ఇవి పిచ్చుకకు ఇండ్లు. స్లాబు వేసిన యింటికి చూరు లేదు. ధాన్యపు కంకులను కుచ్చుగా అల్లి వాకిట వ్రేలాడగట్టు ఆచారము చాలచోట్ల పోయినది. కోతయంత్రము వచ్చిన పిదప కళ్లములు తగ్గినవి. గింజ తినగల పెద్ద పిచ్చుక ఎట్లో బ్రతుకును. పురుగు తినవలసిన పిల్ల పిచ్చుక మందు కొట్టిన చేనిలో ఏమి తినును? ఇన్ని చేతులు కలిసినచోట ఒక్క టవరును దోషిగా నిలబెట్టుట సులభము. ఏలయనగా అది ఎత్తుగా నున్నది, అందరికి కనబడును, దాని క్రింది జాగా ఒక్కని పేర నున్నది.

పక్షిశాస్త్రజ్ఞుడు ఎట్లు పుట్టును?

పక్షిరాజు పాత్రలో సలీం అలీ ఛాయలున్నవని పలువురు గుర్తించిరి. ఆయన 1896లో పుట్టి 1987లో గతించిన మహనీయుడు. మన దేశమునకు సెల్‌ఫోను వచ్చినది 1995లో. ఆయన చిన్ననాట తుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని కంఠముపై పసుపుపచ్చని మచ్చ యున్నది. ఇదేమి పిచ్చుక అని ఆ బాలునకు సందేహము కలిగెను. ఆ సందేహముతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి యొద్దకు పోగా, అచ్చటి కార్యదర్శి ఆ పక్షి పేరు చెప్పి, సొరుగులు తెరచి వందలకొలది పక్షులను చూపెను. ఒక పిచ్చుకను గూర్చిన ఒక బాలుని ప్రశ్న ఈ దేశమునకు పక్షిశాస్త్రము నిచ్చినది.

అంతేకాదు. 1931–32లో ఆయన హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసిరి. నిజామాబాదు జిల్లా అప్పుడు ఆ సంస్థానములోనిదే. నిజాంసాగరు పూర్తియైన కాలమదియే. ఆయన ఉపన్యాసములు చేయుచు తిరుగలేదు. గుడారము వేసి, చూచి, లెక్కించి, వ్రాసిరి. రెండవ భాగపు కథకులు ఆయన గడ్డమును, కంటి అద్దములను తీసికొనిరి. ఆ లెక్కల పుస్తకమును తీసికొనలేదు. పక్షిరాజు కన్నీటిని మనము చూచితిమి. ఆయన పట్టిక నొక్కదానిని చూచియున్నచో, ఆ పాత్ర ప్రేతముగా గాక గురువుగా మిగిలియుండెడిది. ‘2.0’లోని అన్ని గోతులలోను నాకు మిక్కిలి లోతుగా తోచినది ఇదియే.

పక్షులను గూర్చి జాలి కలిగించినందుకు ఆ చిత్రమునకు కృతజ్ఞత చెప్పవలసినదే. దానివలననే ఈ పిల్లలు తల యెత్తి పిచ్చుక ఎచ్చటనున్నదని చూచిరి. కాని జాలి ప్రశ్నగా మారవలెను, ప్రశ్న లెక్కగా మారవలెను. నడుమ ఆగినచో జాలి నిందగా మారును. నింద ఎప్పుడును దగ్గరలో నున్న బలహీనుని మీదనే పడును.

లెక్క సాగుచున్నది

మూడు దినములు బడి మానిన బాలుని మా మిత్రుడు స్వయముగా పోయి పిలుచుకొని వచ్చిరి. మూడవ గడిలోని ప్రశ్నకు సమాధానము తాను చెప్పలేదు. ఊరిలో మూడు చోట్లను ఎంచిరి: టవరు దగ్గర, పాత పెంకుటిండ్ల వాడలో, కొత్త స్లాబు ఇండ్ల వాడలో. ప్రతి ఆదివారము తెల్లవారిన పిదప పావుగంటసేపు, ఒకే వేళకు, మూడు జట్లు నిలిచి పిచ్చుకలను లెక్కింపవలెను. చూడనిది వ్రాయరాదు, సున్న కనబడినను సున్న అని వ్రాయవలెను. ఏటికేడాది లెక్క నిండినగాని ఎవ్వరును తీర్పు చెప్పరాదు. పుస్తకము వ్రాయు పని ఆ టవరు బాలునికే అప్పగించిరి.

“లెక్క వాని తండ్రికి వ్యతిరేకముగా తేలినచో?” అని అడిగితిని.

“తేలనీయుడు. అప్పుడును వాడే వ్రాయును. నింద వలన వచ్చిన సిగ్గు వేరు, తాను చూచి తెలిసికొన్న నిజము వేరు” అని ఆయన బదులు చెప్పిరి.

నేను బయలుదేరునప్పటికి సాయంకాలమైనది. శక్కర్‌నగర్ వైపు పొగ లేని పొగగొట్టము మీదుగా కొంగలు బారులు తీరి పోవుచున్నవి. చేతనున్న పుస్తకపు చివరి పుట తిరుగవేసితిని. రెండవ గడి అడుగున పెన్సిలుతో ఒక వాక్యమున్నది: ‘సార్, ఆ మ్యూజియంల పిల్ల 2030ల అడిగింది గద. అప్పటికి మనం గూడ పెద్దగయితం. ఎవలన్న అడుగుతరా?’

2030 దూరములో లేదు. ఆ నాటికి ఈ పిల్లలు ఇరువదేండ్ల ప్రాయమువారగుదురు. ఆలోచించుట మొదలుపెట్టినందుకే చిట్టిని విప్పివేసిరని మొదటి కథ ముగిసినది. రెండవ కథ ఆ మాట మరచినది. ఉపాధ్యాయులు మరువకుందురు గాక. ఊకొట్టు పిల్లవాడు కథను వినును. ప్రశ్నించు పిల్లవాడు దానికి కాళ్లు తొడిగి నడిపించును.